ఛాంపియన్‌షిప్ మధ్యలో నియమం మార్చిన మీ ఆటపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: మీ ఫుట్‌బాల్ కంప్యూటర్ ఆటలో గ్రూపు పట్టిక లెక్కను పోటీలు నడుస్తుండగా మార్చడం గురించి.

ఆర్యా,

నేను మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. సొంతంగా దేశాలను సృష్టించి వాటి మధ్య అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్ నడుపుకోవచ్చని చూసి మీ ఆటను 2,499 రూపాయలకు కొన్నాము. అందులో జరిగిన అన్యాయం గురించి ఫోను చేస్తే, "అవి ఊహాదేశాలే కదా, మళ్లీ మొదటి నుంచి ఆడించండి" అని మీ సిబ్బంది జవాబిచ్చారు. నాకు ఆట లోపం కంటే ఆ జవాబే ఎక్కువ బాధ కలిగించింది.

మా తొమ్మిదో తరగతి పిల్లలు పదహారు దేశాలను తయారుచేశారు. పటాలు గీశారు, జెండాలు కుట్టారు, ఏ నది నీళ్లు ఎవరికి ఎంత అని రోజుల తరబడి వాదించుకున్నారు. పాలమూరు పిల్లలను దేశం కట్టమంటే ముందుగా చూసేది నీళ్ల లెక్కే. పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టును చూసి వచ్చినవారు తమ దేశానికి ఊడలసీమ అని పేరు పెట్టారు. మరో బృందం మన దుందుభి వాగు పేరే పెట్టుకుంది. గెలిచినవారికి ఇచ్చేది రహీం కప్పు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆయన కూడా బడిలో పాఠాలు చెప్పినవారే. ఆ పేరు పెట్టుకున్న కప్పును మేము తేలికగా తీసుకోలేము.

ఇక జరిగింది చెబుతాను. మూడో గ్రూపులో నల్లమల, దుందుభి, ఊడలసీమ, గుండ్లదేశం ఉన్నాయి. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవి క్వార్టర్ ఫైనల్స్‌కు వెళ్తాయి. రెండేసి మ్యాచ్‌లు ముగిసేసరికి నల్లమలకు 6 పాయింట్లు, దుందుభికి, ఊడలసీమకు చెరి 3 పాయింట్లు. అంతకుముందే ఊడలసీమను దుందుభి 1-0తో ఓడించింది. పాయింట్లు సమానమైతే ముందుగా ముఖాముఖి ఫలితమే, అంటే ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్‌లో ఎవరు గెలిచారన్నదే, చూస్తామని మీ నియమాల పుస్తకంలో స్పష్టంగా ఉంది.

చివరి రెండు మ్యాచ్‌లను రెండు కంప్యూటర్లపై ఒకేసారి ఆడించాము. 1982 ప్రపంచ కప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తమ ఇద్దరికీ సరిపోయే 1-0 దగ్గర ఆటను సాగదీస్తే, ముందురోజే తన మ్యాచ్‌లు ముగించుకున్న అల్జీరియా నిష్క్రమించాల్సి వచ్చింది. ఆ తర్వాతే, 1986 నుంచి, ప్రపంచ కప్ గ్రూపుల్లో ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెడుతున్నారు. మేమూ అదే పాటించాము. అటు నల్లమల, ఊడలసీమ 1-1 దగ్గర ఉన్నాయి. ఇటు గుండ్లదేశంతో 2-2 దగ్గర ఉన్న దుందుభి పిల్లలు, డ్రా చాలని నమ్మి, మరో గోలు కోసం ఎగబడకుండా బంతిని తమ దగ్గరే ఉంచుకున్నారు. నియమం తెలిసిన జట్టు చేయవలసిన పనే చేశారు.

మ్యాచ్‌లు అవే స్కోర్లతో ముగిశాయి. కానీ పట్టికలో రెండో స్థానం ఊడలసీమకు వచ్చింది. ఇద్దరికీ 4 పాయింట్లే. అయితే ఊడలసీమ గోల్స్ తేడా, అంటే వేసిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసివేస్తే వచ్చేది, +2, దుందుభిది -1. మూడో రౌండుకు ముందు మీ ఆట తనంతట తానే అప్‌డేట్ చేసుకుంది. ఆ అప్‌డేట్ ముఖాముఖి ఫలితాన్ని వెనక్కి నెట్టి, గోల్స్ తేడాను ముందుకు తెచ్చింది. తెర మీద మాత్రం "కొన్ని మెరుగుదలలు" అన్న ముక్క తప్ప మరేమీ లేదు. దుందుభి శిక్షకురాలిగా ఉన్న అమ్మాయి నియమాల పుస్తకం తెరిచి ఆ పేజీ నా ముందు పెట్టింది. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర జవాబు లేదు. అది మీరు ఇవ్వాలి.

గోల్స్ తేడా చూడడమే తప్పని నేను అనడం లేదు. 2022 వరకు ప్రపంచ కప్‌లో ముందు చూసింది దాన్నే. యూరప్ దేశాల యూరో పోటీల్లో ముఖాముఖి ఫలితాన్ని ముందు చూస్తారు. రెండూ న్యాయమైన పద్ధతులే, ఏదో ఒకటి మొదటి మ్యాచ్‌కు ముందే చెప్పి ఉంటే. 2018లో జపాన్, సెనెగల్ అన్ని లెక్కల్లోనూ సమానంగా నిలిస్తే, పసుపు కార్డులు తక్కువగా ఉన్న జపాన్ ముందుకు వెళ్లింది. సెనెగల్‌కు అది ఎంత చేదు అనుభవమైనా, ఆ నియమం పోటీకి ముందు నుంచీ రాసి ఉంది. దుందుభి పిల్లలకు మీరు ఆ పాటి న్యాయం కూడా చేయలేదు. దేశాలు ఊహించినవే కావచ్చు, ఆడిన పిల్లలు ఊహ కాదు.

మళ్లీ మొదటి నుంచి ఆడించడం పరిష్కారం కాదు. మిగతా మూడు గ్రూపుల్లో న్యాయంగా గెలిచిన దేశాల శ్రమ ఏం కావాలి? మూడో గ్రూపు పట్టికను పాత నియమం ప్రకారం సరిచేసి, మిగతా ఫలితాలు చెరగకుండా అక్కడి నుంచి కొనసాగించే వీలు కల్పించండి. ఇకముందు ఒక ఛాంపియన్‌షిప్ మొదలయ్యాక అది ముగిసేవరకు దాని నియమాలను తాకకండి. ఆ అమ్మాయి పేరు లోపలి కాగితంలో ఉంది. తప్పు మీదేనని ఆమెకు ఒక ఉత్తరం రాయండి. డబ్బు వాపసు నేను అడగడం లేదు.

పట్టిక నకలు, నియమాల పుస్తకంలోని పేజీ, కొనుగోలు రసీదు జతచేశాను. పదిహేను రోజుల్లో లిఖితపూర్వక జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపంపై ఫిర్యాదు చేస్తాను. అంతవరకు క్వార్టర్ ఫైనల్స్ ఆపి ఉంచాము.

ఇట్లు,
సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాల,
మహబూబ్‌నగర్ జిల్లా.