గేదె సంగతి ఎత్తావంటే చంపేస్తా

ఒరే కందిరీగా,

రెండు నెలలైంది రాసి, తిట్టుకో, పడతాను. చేతుల నిండా ఆయింట్‌మెంటే, ఫోన్ పట్టుకుంటే జారిపోయేది. చెల్లికి బాబు, పురిటికి ఇక్కడే ఉంది. స్లాబు పని ఇంకా అలాగే ఉంది. సరే, అసలు సంగతి విను.

మే నెల శ్రీకాకుళం ఉక్కపోత నీకు తెలుసు కదా, మోచేతి మడతల్లో దురద మొదలైంది. చెమటకి పురుగు పట్టిందనీసి యాంటీసెప్టిక్ సబ్బుతో రోజుకి నాలుగుసార్లు పీచెట్టి తోమీసాను. మెడికల్ షాపులో అడిగితే ఏదో ట్యూబు ఇచ్చాడు, రెండ్రోజుల్లో మాయం! ఊరంతా గొప్పలు చెప్పుకున్నా. ఆపగానే మళ్లీ వచ్చిందిరా, రెట్టింపు, రసి కారతా. రాత్రంతా మంచం పట్టీకి చెయ్యి రాసుకుంటంటే అమ్మ గేదె అంది. (నవ్వకు.)

విజయనగరంలో స్కిన్ డాక్టరమ్మ ట్యూబు చూసి "ఎవరు రాసారు?" అంది. నేను ఫ్యాను కేసి చూసాను. ఇది ఎగ్జిమా అనే చర్మం జబ్బట, ఆ ట్యూబులోది స్టెరాయిడట, అది మేమూ రాస్తాం గానీ ఇలా నీ ఇష్టమొచ్చినన్నాళ్లు కాదు అని తిట్టింది. ఎరుపు తగ్గిందని నేను సంబరపడ్డాను గానీ, నిజానికి ఒంట్లో రోగాలతో పోరాడే కాపలావాడు ఆ మందుకి నిద్రపోయాడంతేనట.

మన చర్మం మీద బాక్టీరియా కాపురం ఉంటాయిరా! స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ (మూడుసార్లు పలికి నేర్చుకున్నా) మంచిది, స్టెఫైలోకాకస్ ఆరియస్ రౌడీ. మనలాగే ఇంటిపేరు ముందు, అంటే దాయాదులే. మంచి బాపతువాటిలో కొన్ని రౌడీని చంపే మందు సొంతంగా చేసుకుంటాయి, పైగా చర్మం కణాల్ని తట్టిలేపి వాటిచేత కూడా డిఫెన్సిన్లనే మందు చేయిస్తాయి. చర్మమేమో పైపొరని పులుపుగా, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ) 5 దగ్గర ఉంచుతుంది, ఆ పులుపు రౌడీకి పడదు. మామూలు సబ్బు 9, 10 ఉంటుంది. నేను రోజుకి నాలుగుసార్లు ఆ పులుపు కడిగీసి వీధి తలుపు బార్లా తీసాను! ఎగ్జిమా చర్మం మీద రౌడీదే రాజ్యమట.

ఇంకోటి, పుట్టిన కొత్తలో చర్మం ఈ బాక్టీరియాని చూసి మనోళ్లే అని గుర్తుపెట్టుకుంటుందట, పెద్దయ్యాక మొదటిసారి ఎదురైతే అలా ఒప్పుకోదట, 2015లో ఎలుకల్లో చూసారు. అది విని చెల్లి దగ్గరకెళ్లి బాబుకి ఆ సబ్బు వద్దే అన్నానా, అది నన్ను ఎగాదిగా చూసి... ఆ మాట ఇక్కడ రాయలేను, కలిసినప్పుడు చెప్తా.

ఇప్పుడు మాయిశ్చరైజరు, గోరువెచ్చని నీళ్లు, అంతే. సగం తగ్గింది. పీచు అమ్మ దాచీసింది.

ఉండు, అమ్మ కేకేస్తంది, బాబుకి స్నానం చేయిస్తందట, నీళ్లు అందించమంటంది. ముందు చేతులు సబ్బుతో కడుక్కో అంటంది, ఏ సబ్బుతో అని అడిగితే చెంబు ఎత్తింది రా బాబూ