గడియారం తప్పిన లాప్‌టాప్‌కు మదర్‌బోర్డు మార్చాలా?

సంపాదకులు గారికి,

అయ్యా,

లాప్‌టాప్‌లో గడియారం సరైన సమయం చూపడం లేదని గత నెలలో ఇక్కడి రిపేరు షాపు ఒకదానికి వెళ్లాను. అక్కడివారు దాని అడుగు మూత కూడా విప్పకుండానే 'మదర్‌బోర్డు పోయింది సార్, 9,000 రూపాయలు అవుతుంది' అని తేల్చేశారు. మదర్‌బోర్డు అంటే లోపలి భాగాలన్నీ అమర్చిన ప్రధాన పలక. చివరికి ఆ జబ్బు, లాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపే ఒక చిన్న బటన్ సెల్‌తో నయమైంది. తిరుపతిలో చదువుకునే పిల్లలకూ, ఇంటినుంచి ఉద్యోగం చేసుకునేవారికీ లాప్‌టాప్ లేనిదే రోజు గడవని పరిస్థితి ఉన్నది కనుక, డబ్బు తీసే ముందు ఇంట్లోనే చూసుకోదగిన సంగతులు నలుగురికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను కంప్యూటరు నిపుణుణ్ని కాను, హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని.

మా లాప్‌టాప్ పాతది. దాని పెద్ద బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఛార్జరు తగిలించి నడుపుకుంటున్నాము. మొదట్లో గడియారం ఐదారు నిమిషాలు వెనకబడేది, నేను పట్టించుకోలేదు. ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోసం, మా చెల్లెలి కుటుంబం తరఫున, తెర మూలన 10 అయ్యేదాకా ఓపికగా కూర్చుంటే, అప్పటికి అసలు సమయం 10 దాటి ఏడు నిమిషాలైంది, కావలసిన రోజుకు టికెట్లు అయిపోయాయి. అటువైపు టికెట్లిచ్చే కంప్యూటరు, అంటే సర్వరు, తన గడియారాన్ని నమ్ముతుంది గాని మన గడియారాన్ని కాదు కదా. మా వీధిలో పంచాంగం చెప్పే స్వామి ఈ సంగతి విని 'మాస్టారూ, మీ లాప్‌టాప్ తిరుపతి సొంత టైము చూపిస్తున్నదేమో' అని నవ్వారు. సరదాకు అన్నా అందులో లెక్క ఉంది. 1906 జనవరి 1 నుంచి మనం పాటిస్తున్న భారత ప్రామాణిక కాలం, మన కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానికి చెందినది. తిరుపతి దానికి మూడు డిగ్రీలకు పైగా పడమరన ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు సగటున 12 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. అయితే లాప్‌టాప్‌కు సూర్యుడితో పని లేదు.

కొద్ది రోజులకు వ్యవహారం ముదిరింది. రాత్రి ఆపి ప్లగ్గు పీకిన లాప్‌టాప్‌ను పొద్దున్నే తెరిస్తే తేదీ 2015 జనవరి 1 అని కనిపించింది. బ్యాంకు సైటు తెరవబోతే 'మీ గడియారం వెనకబడి ఉంది' అనే హెచ్చరిక వచ్చింది. సురక్షిత సైట్లన్నింటికీ ఒక డిజిటల్ ధ్రువపత్రం ఉంటుంది, దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు రాసి ఉంటుంది. 2015లో ఉన్నాననుకునే లాప్‌టాప్‌కు ఇప్పటి ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు. ఇంటర్నెట్టే చెడిపోయిందని చాలామంది భ్రమపడేది ఇక్కడే.

షాపులో నేను మదర్‌బోర్డు మాటకు వెనకాడడం చూసి, అక్కడి యువకుడు 'తిరుపతి ఎండలకు లోపల క్రిస్టల్ స్లో అయిపోయింది సార్' అని మరొక కారణం చెప్పాడు. లెక్కల మాస్టారుతో ఆ మాట అనకుండా ఉండవలసింది. లాప్‌టాప్‌లో కాలాన్ని లెక్కపెట్టే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్య 2కు 15వ ఘాతం. దాన్ని పదిహేను సార్లు సగం చేసుకుంటూ పోతే సెకనుకు ఒకే ఒక్క టిక్కు మిగులుతుంది (ఘాతాంకాలు చెప్పే రోజుల్లో ఈ ఉదాహరణ తెలియనందుకు ఇప్పటికీ విచారిస్తున్నాను). మామూలు స్ఫటికానికి లక్షకు రెండు వంతుల తేడా ఉన్నదనుకున్నా, రోజుకు 86,400 సెకన్లలో తప్పేది 1.7 సెకన్లు మాత్రమే, నెలకు నిమిషం కూడా కాదు. ఇక వేడి సంగతి. ఈ రకం స్ఫటికం 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా చురుగ్గా ఉండి, వేడి పెరిగినా తగ్గినా కొద్దిగా మందగిస్తుంది. రోజంతా 45 డిగ్రీల్లో ఉంచినా అదనంగా పోయేది సెకనుంబావుకు మించదు. ఏడు నిమిషాల తప్పును మే నెల ఎండ మీదికి తోయడం అన్యాయం.

తప్పు ఎంత, ఎప్పుడు జరుగుతున్నది అనే రెండు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే కారణం చాలావరకు దానంతటదే బయటపడుతుంది. ఆపి ఉంచినప్పుడే తప్పి, నడుస్తున్నంతసేపు సరిగా ఉంటే అనుమానించవలసింది సెల్‌ను. తప్పు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటే అది పరికరం దోషం కాదు, అమరికల దోషం. సరిగ్గా అరగంట వెనక ఉంటే టైమ్‌జోన్‌లో కరాచీ, అరగంట ముందుంటే ఢాకా, పావుగంట ముందుంటే కాఠ్‌మాండూ ఎంపికై ఉండవచ్చు. అమెరికా పడమటి తీరం నుంచి బంధువులు తెచ్చిచ్చిన లాప్‌టాప్ అయితే ఎండాకాలంలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా సెట్టింగ్స్‌లో సరిచేసుకోదగినవి.

అన్నిటికన్నా తికమక పెట్టేది సరిగ్గా ఐదున్నర గంటల తేడా. ఇంజినీరింగ్ చదివే మా మనవడు తన లాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసుకున్నాడు. ఉబుంటు వాడి విండోస్‌లోకి వచ్చిన ప్రతిసారీ మధ్యాహ్నం మూడింటికి ఉదయం తొమ్మిదిన్నర చూపేది. లోపలి గడియారంలో ఉబుంటు, మన కాలానికి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమన్వయ కాలాన్ని (యూటీసీ) రాసి ఉంచుతుంది, విండోస్ అదే అంకెను స్థానిక కాలమని చదువుకుంటుంది. ఒకే గోడ గడియారాన్ని ఇద్దరు రెండు ఊళ్ల లెక్కలో చదివినట్లన్నమాట. ఉబుంటులో ఒక్క కమాండుతో, స్థానిక కాలమే రాయమని చెప్పాక ఆ గొడవ తీరింది. ఆ కుర్రవాడు కూడా అంతకుముందు సెల్ మార్పించే ఆలోచనలోనే ఉన్నాడు.

మా లాప్‌టాప్ విషయానికి వస్తే, తెలిసిన ఎలక్ట్రీషియన్ ఒకరు నా ఎదుటే ఛార్జరు తీసి, పెద్ద బ్యాటరీ ఊడదీసి, అడుగు మూత స్క్రూలు విప్పారు. మదర్‌బోర్డు మూలన పసుపుపచ్చ ప్లాస్టిక్ తొడుగులో, ఎర్ర నల్ల తీగలు రెండింటితో చిన్న సాకెట్‌లోకి గుచ్చిన సీఆర్2032 సెల్ కనబడింది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, అంటే గోడ గడియారపు సెల్ కన్నా చాలా చిన్నది. మూడు వోల్టులు చూపవలసిన చోట, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు 1.4 చూపింది. తీగలతో సహా కొత్త సెల్ తెప్పించి పెట్టాక గడియారం నిలబడింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని పాత లాప్‌టాప్‌లలో ఎంఎల్1220 అనే రీఛార్జబుల్ సెల్ ఉంటుంది. దాని స్థానంలో ఛార్జి చేయకూడని సీఆర్ సెల్ పెడితే ప్రమాదం, కనుక పాతదాని మీద రాసి ఉన్న పేరు చదివి అదే రకం తెచ్చుకోవాలి. కొత్త లాప్‌టాప్‌లు కొన్నింటిలో విడి సెల్ అసలు ఉండదు, పెద్ద బ్యాటరీయే గడియారాన్నీ పోషిస్తుంది. తీసిన సెల్‌ను పసిపిల్లలకు అందేచోట వదలవద్దు.

సెల్ మార్చిన తర్వాత తేదీని చేత్తో దిద్దుకోవాలి. ఇంటర్నెట్ నుంచి విండోస్ దానంతటదే సమయం తెచ్చుకుంటుందనే ధీమా నాకూ ఉండేది గాని, మామూలు అమరికలో 15 గంటలకు మించిన తేడాను అది ఒప్పుకోదు. ముందు తేదీ, గంట సరిచేసి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని 'సింక్ నౌ' (ఇంటర్నెట్ సమయంతో ఇప్పుడే సరిచూసుకో) నొక్కితే పని అవుతుంది. మన దేశపు ప్రామాణిక కాలాన్ని కాపాడే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వరునే ఇందుకు వాడుకోవచ్చు. హాస్టల్ వైఫైలో సింక్ విఫలమైతే లాప్‌టాప్‌ను నిందించకండి. సమయం తెచ్చే 123వ నంబరు పోర్టును, అంటే నెట్‌వర్కులో ఆ పనికి కేటాయించిన దారిని, కొన్ని నెట్‌వర్కులు మూసి ఉంచుతాయి. ఫోను హాట్‌స్పాట్‌తో ఒకసారి ప్రయత్నిస్తే తేలిపోతుంది.

రిపేరు షాపుల వారందరూ మోసగాళ్లని నా ఉద్దేశం కాదు. నిజాయితీగా పనిచేసి పొట్టపోసుకునేవారు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. నేను కోరేది ఒక్కటే. గడియారం ఫిర్యాదుతో లాప్‌టాప్ వచ్చినప్పుడు ముందు సెల్ వోల్టేజీ కొలిచి, ఆ అంకెను బిల్లు మీద రాసి, తీసిన పాత సెల్‌ను వాడకందారు చేతికివ్వాలి. మల్టీమీటరు లేని రిపేరు షాపు ఉండదు, ఆ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు. ఇప్పటికే ఇలా చేస్తున్నవారు తమ పేరును మీ పత్రికకు రాస్తే, మా కాలనీ నుంచి ముందుగా వెళ్లేవాణ్ని నేనే.

భవదీయుడు,
విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తిరుపతి