సభలో నినాదానికీ దౌర్జన్యానికీ ఒకే శిక్షా? లోక్‌సభ స్పీకర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన లోక్‌సభ స్పీకర్ గారికి,

నమస్కారాలు. సభ్యుల సస్పెన్షన్ విషయమై మా ప్రాంత ప్రజాప్రతినిధికి రాసిన లేఖలకు జవాబు రానందున, పదిమంది ఎదుట తమకు విన్నవించుకుంటున్నాను.

2001లో లోక్‌సభ నియమావళిలో చేర్చిన 374ఎ నిబంధన ప్రకారం, నినాదాలతో సభను పదేపదే అడ్డుకున్న సభ్యుని పేరును స్పీకర్ ప్రకటిస్తే చాలు, ఓటింగ్ లేకుండానే అయిదు సమావేశ దినాల వరకు సస్పెన్షన్ అమలవుతుంది. 2014 ఫిబ్రవరిలో రాష్ట్ర విభజన బిల్లు సందర్భంగా లోక్‌సభలో ఒక సభ్యుడు మిరియాల స్ప్రే ప్రయోగించడం తెలుగువారమందరం సిగ్గుపడ్డ ఘటన. దానికి కఠిన శిక్ష న్యాయమే. కానీ 2023 డిసెంబరులో, పార్లమెంటు భద్రతా వైఫల్యంపై హోంమంత్రి ప్రకటన చేయాలని పట్టుబట్టినందుకు ఉభయ సభల్లో కలిపి 146 మందిని సస్పెండ్ చేయడం, వారిలో అత్యధికులు లేకుండానే మూడు నేర చట్టాల బిల్లులు ఆమోదం పొందడం నన్ను నేటికీ కలచివేస్తున్నాయి. సస్పెండైన సభ్యుల ప్రశ్నలను సైతం జాబితా నుంచి తొలగించారు. ఆ ప్రశ్నల వెనుక ఉన్న లక్షలాది ఓటర్లు ఏ నినాదమూ చేయలేదు కదా!

ప్రసంగానికి అడ్డుతగిలే కేకను నేను సమర్థించడం లేదు. దానికి మందలింపు, ఆ రోజుకు బయటకు పంపడం సరిపోతాయి. కనుక తమరి అధ్యక్షతన గల నిబంధనల కమిటీ 374ఎను పునఃపరిశీలించి, దౌర్జన్యానికే దీర్ఘ సస్పెన్షన్‌ను పరిమితం చేయాలనీ, సస్పెండైన సభ్యుల ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానాలు ఇప్పించాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఓటరు