బరంపురం నాటక పోటీ: చందాల జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. మన పర్లాకిమిడి పిల్లలు ఏడుగురు బరంపురం వెళ్లి నాటకం ఆడి వచ్చి మూడు వారాలు దాటింది. లెక్క చెప్పడం ఆలస్యమైంది, ఆ తప్పు నాదే. టైలరమ్మ ఇచ్చిన రసీదు కనబడక ఆగాను. చివరికి మా బియ్యం డబ్బా మీద, గ్యాసు బుక్కు మధ్యలో దొరికింది.

ముందు జమ. 41 ఇళ్ల నుంచి 18,450 రూపాయలు. బజారు దుకాణదారుల నుంచి 6,200. మన వీధిలో పుట్టి విశాఖలో స్థిరపడిన ఒకాయన పేరు వద్దంటూ పంపింది 5,000. పిల్లలు ఇంటింటికీ తిరిగి పోగు చేసిన పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్మితే 640. పోయినేడు ఉగాది ఖర్చు పోగా మిగిలిన పాత నిల్వ 1,310. మొత్తం 31,600. ఖర్చు 27,860. చేతిలో ఉన్నది 3,740.

"ముప్పై వేలు పోగేసి తెచ్చింది నాలుగో స్థానమా?" అని బజార్లో ఒకరిద్దరు అన్నట్టు తెలిసింది. డబ్బిచ్చినవాళ్లు అడుగుతారు, తప్పేం లేదు. అందుకే ఒట్టి అంకెలు రాసి ఊరుకోకుండా ఎక్కడ ఏమైందో చెబుతున్నాను.

ఈ పోటీ మనం చూసే స్కూలు వార్షికోత్సవం లాంటిది కాదు. 1978లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన ఒడిస్సీ ఆఫ్ ది మైండ్ అనే పిల్లల పోటీ తరహాలో పెట్టారు. ఏడుగురు పిల్లలు, ఎనిమిది నిమిషాలు. కథ, మాటలు, సామాను, బట్టలు అన్నీ పిల్లలే ఆలోచించి, పిల్లలే చెయ్యాలి. పెద్దవాళ్లు ఒక మేకు కొట్టినా మార్కులు కోస్తారు. స్టేజి మీదకి వచ్చే సామాను ఖరీదు 2,500 దాటకూడదు, పాత వస్తువైతే సెకండ్‌హ్యాండ్ ధర కట్టి ఫారంలో రాయాలి. కోచ్ కుట్టడం నేర్పొచ్చు, ఏం కుట్టాలో చెప్పకూడదు.

మన కోచ్ మేష్టారు పైసా తీసుకోలేదు. ఆయన మొదటిరోజే మమ్మల్ని పిలిచి, "మీరు గదిలోకి వస్తే నోరు ఇంట్లో పెట్టి రండి" అన్నారు.

పిల్లలు ఎంచుకున్న కథ గిడుగు రామమూర్తి పంతులుగారిది. 1880లో 30 రూపాయల జీతం మీద ఇక్కడి రాజావారి బడిలో చేరడం, కొండల్లో ఉండే సవరల భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకోవడం, కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకోవడం, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకోవడం. ఉన్నది ఒడిశాలో కాబట్టి మన పిల్లల్లో ఐదుగురికి తెలుగు రాయడం రాదు. తెలుగు మాటలు ఒడియా అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టారు. జిరాక్సులకి, ఫారం ఫొటోలకి కలిపి 365.

సామానుకి, బట్టలకి అయింది 5,425. దీని మీదే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి, ఎందుకంటే పిల్లలు ఫారంలో చూపింది 2,310. అందులో పాత వస్తువులకి కట్టిన 60 తీసేస్తే కొన్నవి 2,250. మిగిలిన 3,175లో కత్తెరలు, గ్లూగన్ లాంటి పనిముట్లు 890, అవి మన దగ్గరే ఉన్నాయి. మిగతా 2,285 పాడైపోయిన సామాను. దాచేదేమీ లేదు, పిల్లలు చేసి, విరగ్గొట్టి, మళ్లీ చేశారు.

జ్వరం తెచ్చే దోమనే చూడండి. మొదట రెక్కలు గాలిపటం కాగితంతో చేశారు, ఫ్యాను గాలికే చిరిగాయి. తర్వాత థర్మాకోల్ తెచ్చారు. అది విరుగుతుందని అక్కడున్న పెద్దలందరికీ తెలుసు, చెప్పకుండా ఉండటానికి నేను రెండుసార్లు బయటికెళ్లి టీ తాగొచ్చాను. విరిగింది. మేష్టారు మాత్రం "ఎక్కడ విరిగింది? అక్కడే ఎందుకు?" అని అడిగి ఊరుకున్నారు. మూడోసారి ఎనిమిదో తరగతి పిల్ల వాళ్ల తాతగారి పాత ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకొచ్చింది. ఊపితే గరగరమని మోత కూడా వచ్చింది. కాళ్లకి విరిగిన గొడుగు ఊచలు. గొడుక్కి ఎనిమిది, దోమకి ఆరే కదా అని ఆరో తరగతి కుర్రాడు పట్టుబట్టి రెండు పీకించాడు. గొడుగుకి ధర ఎంత కట్టాలన్నదాని మీద అరగంట వాదించుకుని, చివరికి బజార్లో గొడుగులు బాగుచేసే తాత దగ్గరికే వెళ్లి అడిగారు. "పదికి తీసుకుంటా" అన్నాడాయన. ఫారంలో పది అని రాశారు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. పిల్లలు ఆనందిస్తారని రాజావారి బడి బొమ్మతో 1,600 పెట్టి ఫ్లెక్సు కొట్టించాను. మేష్టారు చూసి తలపట్టుకున్నారు. అది ఈ లెక్కలో లేదు, నా జేబులోంచే పోయింది. ప్రస్తుతం మా స్కూటర్ మీద కప్పుతున్నాం.

టైలరమ్మ మూడు రోజులు చేతికుట్టు నేర్పినందుకు 1,000. ప్రవేశ రుసుం మనిషికి 500 చొప్పున 3,500. ప్రాక్టీసు 22 రోజులు జరిగింది, రోజుకి 260 చొప్పున టిఫిన్లకి 5,720. బడి నుంచి నేరుగా వచ్చే పిల్లలకి మరమరాల మిక్చరు, బజ్జీలు, శనివారం ఉప్మా. ఇది తగ్గించొచ్చు కదా అన్నవాళ్లు ఒక సాయంత్రం నాలుగున్నరకి వచ్చి ఆ ఏడుగుర్నీ చూడాలి. రసీదు లేని ఆటో ఖర్చు 420, అది నా మాట మీద నమ్మవలసిందే.

బరంపురానికి వ్యాను రానూపోనూ 7,500. పలాస, ఇచ్ఛాపురం మీదుగా హాయిగా పోవచ్చు. కానీ మధ్యలో ఆంధ్రాలోకి దిగి మళ్లీ ఒడిశాలోకి ఎక్కాలి, పర్మిటు లేదని డ్రైవరు మొరాయించాడు. దాంతో మోహన మీదుగా పోయాం. తప్తపాణి ఘాటీ మలుపుల్లో పంతులుగారి వేషం కుర్రాడు వాంతి చేసుకున్నాడు. బండి కడిగించడానికి 300. రాత్రి బస కమిటీ సభ్యుడి చెల్లెలుగారింట్లో, పది మందిమి. ఆవిడ డబ్బు ముట్టలేదు, మిఠాయిలు పట్టుకెళ్లాం, 480. రెండు రోజుల భోజనాలు 3,150.

ఇక నాలుగో స్థానం సంగతి. ఆడుతుండగా దోమ కాలు ఒకటి ఊడి కింద పడింది. లోపలున్న పిల్ల ఒక్క క్షణం ఆగి, కుంటుకుంటూ నడిచి, "నేను ముసలి దోమని" అని ఒడియాలో అంది. హాలంతా నవ్వు. తర్వాత పంతులుగారికి చెముడు వచ్చే ఘట్టంలో ఆరుగురూ గొంతులు ఆపేసి పెదాలు మాత్రమే కదిపారు. ఆ ఆలోచన ఎవరిదని అడిగితే ఇప్పటికీ ఏడుగురూ తమదే అంటారు. కాలు ఊడినందుకు, చెప్పిన సమయం కన్నా 20 సెకన్లు దాటినందుకు మార్కులు తగ్గాయి. మొదటి మూడు జట్లే పై పోటీకి వెళ్తాయి.

మిగిలిన 3,740 ఏం చెయ్యాలన్నది వచ్చే ఆదివారం సాయంత్రం కూర్చుని తేలుద్దాం. పిల్లలు టేపు రికార్డరు లాంటిదేదో అడుగుతున్నారు, వాళ్ల మాట కూడా వినాలి. బిల్లుల ఫైలు మా ఇంట్లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. దోమ మా వసారాలో వేలాడుతోంది. సామాను పుస్తకంలో దాని పేరున గొడుగు ధర పది రూపాయలు ఎక్కించి, ఊడిన కాలు ఒకటి విడిగా భద్రపరిచినట్టు రాశాను.