బీపీ అదుపులో ఉందా అని అడిగే డాక్టరు కావాలి

సంపాదకులకు,

డయాలసిస్ పడకలు పెంచాలని మీ జిల్లా పేజీల్లో తరచూ రాస్తున్నారు. పెంచాల్సిందే. అయితే మనిషి ఆ పడక దాకా రాకుండా చూసే డాక్టరు గురించి కూడా నాలుగు ముక్కలు రాయండి. కిడ్నీలు పాడవడానికి ముఖ్య కారణాలు షుగరు, బీపీలేనని అందరికీ తెలుసు. ఊళ్లో ఉండగానే వాటిని పట్టి అదుపులో పెట్టే పని ఎవరిదంటే మాత్రం జవాబు ఉండదు.

నేను హెల్త్ సూపర్‌వైజర్‌గా ఉన్న పీహెచ్‌సీకి కమ్యూనిటీ మెడిసిన్‌లో, అంటే ప్రజారోగ్యంలో పీజీ చేసిన డాక్టరుగారు ఒకరు వచ్చారు. టీబీ వాళ్లకు రాసినట్టే బీపీ వాళ్లకూ తలా ఒక కార్డు రాయించారు. నెలాఖరుకు మాత్రలకు రాని వాళ్ల పేర్ల కింద ఎర్రగీత పడేది. వారం తిరిగేలోగా ఏఎన్ఎం ఆ ఇళ్లకు వెళ్లి రావాలి. ‘బాగనే ఉండాను గదమ్మా, ఇంకా మాత్రెందుకు?’ అనేదే చాలామంది మాట. ఉప్పు తగ్గించమని ఆయన ఊరికే చెప్పేవారు కాదు. ‘ఇంట్లో ఎంతమంది? కిలో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుంది?’ అని అడిగేవారు. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే నలుగురున్న ఇంట్లో కిలో 50 రోజులు రావాలి. నెల తిరక్కుండానే ఖాళీ అవుతోందని ఆడవాళ్లే నోరెళ్లబెట్టేవాళ్లు. ఊరగాయకు కొనే కల్లుప్పు సంగతి వేరే!

కొద్దిగా దారిలో పడుతోందనగా ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినవారు ఓపీ చక్కగా చూసేవారు, ఆయన్ను తప్పుపట్టను. ఎర్రగీతలు మాత్రం ఆగిపోయాయి.

ఇలాంటి డాక్టరును ఒకచోట ఉండనిస్తే ఏం జరుగుతుందో చూడండి. 1990ల చివర్లో మన దేశంలో టీబీ కార్యక్రమానికి పనిచేసిన అమెరికా డాక్టరు టామ్ ఫ్రీడెన్ 2002లో న్యూయార్క్ నగర ఆరోగ్య కమిషనర్ అయ్యారు. 2009 దాకా అదే కుర్చీ. ఆయన హయాంలోనే 2003లో హోటళ్లు, బార్లలో పొగ తాగడం బంద్ అయింది, 2006లో హోటళ్ల వంటల్లో ట్రాన్స్‌ఫ్యాట్ అనే, గుండెకు చేటు చేసే కొవ్వుపై కట్టడి వచ్చింది. మన దగ్గర నూనెల్లో ఆ కొవ్వు 2 శాతం మించకూడదన్న నిబంధన 2022లో గానీ రాలేదు.

అంత దూరం ఎందుకు, కుప్పం దాటితే కృష్ణగిరి జిల్లా. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిచ్చే తమిళనాడు పథకం 2021లో అక్కడే మొదలైంది. వాళ్ల ప్రజారోగ్య శాఖలో డాక్టర్లు మొదటి నుంచీ ప్రజారోగ్యంలోనే పనిచేసి పైకి వస్తారు. ఒకప్పుడు వాళ్లూ మనమూ ఒకే గూటి వాళ్లం: 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు మన చిత్తూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ప్రతి రాష్ట్రానికీ ఇలా ప్రజారోగ్యానికే ప్రత్యేకమైన ఉద్యోగుల కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమూ చెప్పింది.

విలేజ్ క్లినిక్‌లున్నాయి, మాత్రలున్నాయి. ఆశాలు, ఏఎన్ఎంలు ఎండనకా వాననకా తిరుగుతూనే ఉన్నారు. ఎంతమందికి పరీక్ష చేశారన్న అంకెతోనే వాళ్ల ప్రాణం తీస్తున్నారు. జిల్లా స్థాయిలో జీవనశైలి జబ్బుల బాధ్యత ప్రజారోగ్యం చదివిన డాక్టరుకు పూర్తికాలం అప్పగించి, అయిదేళ్లు కదపకుండా ఉంచాలి. ఈసారి ఆరోగ్య శాఖ సమీక్షకు మీ విలేకరి వెళ్లినప్పుడు, మాత్రలు వాడుతున్న వాళ్లలో ఎంతమంది బీపీ 140/90 లోపుకు వచ్చిందో అడిగి, మండలాలవారీగా అచ్చు వేయండి.

— ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, పలమనేరు, చిత్తూరు జిల్లా