ఆదివారం డెడ్‌లిఫ్ట్ ప్రాక్టీస్: అందరూ చదవండి

బరంపురం జిమ్ మిత్రులందరికీ నమస్కారం!

ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును లేపి నిటారుగా నిలబడటం) ఫామ్, అంటే చేసే తీరు, చూసుకుందాం. సీనియర్లైనా సరే, 20 కిలోల ఖాళీ రాడ్‌తోనే మొదలు. రాడ్‌ని బరువు ప్లేట్ల మీద ఎత్తుగా పెడదాం.

రాడ్ సరిగ్గా పాదం మధ్య భాగానికి పైన ఉండాలి. ఊపిరి పీల్చి, పొట్ట బిగించి లేపండి. నడుము గుండ్రంగా వంగిందంటే సెట్ అక్కడితో ఆపేయండి. ఒక్క రెప్ (ఒకసారి లేపడం) కోసం వెన్ను పాడుచేసుకోవద్దు, దయచేసి!

అలాగని తేలిగ్గా కానిచ్చేయొద్దు. ఇంకా ఒకటో రెండో రెప్‌లు మాత్రమే చేయగలం అనిపించేదాకా చేయాలి. ఫామ్ చెడకపోతే వచ్చే వారం 2.5 కిలోలు పెంచుదాం.

అడుగు మెత్తగా లేని బూట్లు, టవల్ తెచ్చుకోండి. నడుము నొప్పి ఉన్నవాళ్లు ముందే చెప్పండి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. గ్రూప్‌లో లేని ఒడియా మిత్రులకు మీరే చెప్పాలి, మర్చిపోవద్దు.