జోకర్ ఫోటో కింద జోకర్ పేరు వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో గుంటూరు వచ్చిన సర్కస్ గురించి అర పేజీ వేశారు, సంతోషం, ఈ రోజుల్లో సర్కస్‌కి అర పేజీ ఎవరిస్తున్నారండీ. కానీ అందులో ఒక లైను దగ్గర తాగే టీ కాస్తా పొలమారింది నాకు. జోకర్లు ముప్పై ఏళ్ల కిందటి ఐటమ్సే చేస్తున్నారు, అవి కూడా ఫారిన్ వాళ్లని చూసి కాపీ కొట్టినవే అని రాశారు. నేను సర్కస్ మనిషిని కాదు, పద్నాలుగేళ్లుగా బర్త్‌డేలకీ షాపు ఓపెనింగులకీ జోకర్ వేషం వేసి బతుకుతున్నవాణ్ణి. నాకు పని నేర్పింది మాత్రం సర్కస్‌లో చేసి చేసి మోకాళ్లు పోయాక మానేసిన ఒక పెద్దాయన. అందుకని నాలుగు ముక్కలు రాద్దామనిపించింది, పొడుగైతే కోసుకోండి.

ఊయల ఐటమ్ చివర్లో జోకర్ పైకెక్కుతాడు చూడండి, వణుక్కుంటూ ఊగుతాడు, అవతల నుంచి వచ్చినోడు పట్టుకోబోతే ప్యాంటు వాడి చేతిలోకి ఊడిపోయి ఈయన గళ్ల చెడ్డీతో వల్లో పడతాడు. నేను చూసిన ప్రతి సర్కస్‌లోనూ ఇది ఉంది, మొదట ఎవరు పడ్డారో ఎవరూ చెప్పరు. రెండు చెక్కలు కలిపి కట్టిన బద్దతో కొడితే ఫట్‌మని మోగుద్ది గానీ దెబ్బ తగలదు, ఆ బద్ద 16వ శతాబ్దంలో ఇటలీ నాటకాల వాళ్ల దగ్గరే ఉంది. గుర్రం ఎక్కడం రాని దర్జీ వేషం 1768 ప్రాంతంలో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే ఆయన రింగులో మొదలైంది, ఇప్పుడు మనం చూసే సర్కస్ మొదలైంది కూడా ఆ రింగులోనే అంటారు, ఆ దర్జీని యూరప్ అమెరికాల్లో ఎంతమంది ఎత్తుకుపోయారో లెక్కే లేదు. అంటే సర్కస్ పుట్టిన రోజుల నుంచీ కాపీ ఉంది, మనోళ్లు కొత్తగా చేసిన నేరమేం కాదు.

అంతదూరం ఎందుకు, మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు లేరా? రామాయణం మంచి పట్టులో ఉండగా మధ్యలో వచ్చి తిట్టుకుని కొట్టుకుని జనాన్ని నిద్ర లేపి పోతారు, ఏ ఊరి బృందం ఆడినా వాళ్లే వస్తారు, పక్క ఊరోళ్ల కేతిగాణ్ణి కాపీ కొట్టారని ఎవరన్నా పంచాయితీ పెట్టారా? ఆడించేవాడి నోటిని బట్టి ఉండేది ఆట. కొందరి కేతిగాడికి జనం చచ్చేట్టు నవ్వుతారు, కొందరి కేతిగాడు వస్తే లేచి బీడీకి పోతారు.

మరి సొంతం ఏది అంటారా. అమెరికాలో ఎమ్మెట్ కెల్లీ అని పెద్ద క్లౌన్ ఉండేవాడు, 1979లో పోయాడు. ఏడుపు మొహం, మాసిన గడ్డం, చిరిగిన కోటు, వేషం పేరు వియరీ విల్లీ, ముందు కార్టూన్ బొమ్మగా తనే గీసుకుని తర్వాత తనే ఆ బొమ్మ అయ్యాడు. ఆయన ఐటమ్ చీపురు పట్టుకుని రింగులో పడిన లైటుని ఊడవడం. ఊడుస్తుంటే వెలుగు గుండ్రం చిన్నదవుతూ చిన్నదవుతూ చివరికి మాయమవుద్ది. అంతే ఐటమ్. నేను యూట్యూబులో చూసి మా ఇంటి డాబా మీద టార్చిలైటుతో ట్రై చేశా, మా ఆవిడ నిజంగానే ఊడుస్తున్నానేమో అనుకుంది. లైటు తిప్పేవాడు ఎంత నిదానంగా మూస్తే ఈయన అంత నిదానంగా ఊడవాలి, ఒక్క సెకను ఇటైనా అటైనా నవ్వు పోయినట్టే, అసలు ఆ ఐటమ్‌లో సగం వాటా ఆ లైటు మనిషిదే అంటాను నేను, ఆయన పేరు ఎవరికీ తెలీదు. తర్వాత కెల్లీ కొడుకే అలాంటి వేషం కట్టి ఆడాడు. చీపురు ఎవరన్నా పడతారండీ, ఆ మొహంలో దిగులు ఎక్కణ్ణుంచి తెస్తారు.

ఇంగ్లండ్ క్లౌన్లు అయితే ఐటమ్స్ జోలికి పోకుండా మొహాల మీద కట్టుబాటు పెట్టుకున్నారు. 1946లో స్టాన్ బల్ట్ అనే ఆయన, క్లౌన్ కూడా కాదు, సరదాగా కోడిగుడ్లలో సొన తీసేసి పెంకు మీద ఒక్కో క్లౌన్ మొహం వెయ్యడం మొదలుపెట్టాడు. గుడ్లు కదా, చాలావరకు పగిలిపోయాయి, తర్వాత పింగాణీ గుడ్ల మీద వేస్తున్నారు, విగ్గు రంగు జుట్టూ వేషంలో గుడ్డముక్కా కూడా అంటిస్తారు. ఆ గుడ్డు ఉంటే ఈ మొహం ఫలానావాడిది, ఇంకోడు పెట్టుకోకూడదు అని. చట్టం కాదు అది, కోర్టు లేదు పోలీసు లేదు, పెట్టుకుంటే తోటివాళ్ల దగ్గర పరువు పోద్ది, అంతే.

ఇప్పుడు నా గోల. నాది సైకిలు పంపు ఐటమ్. చేతిలో చిన్న బెలూను పట్టుకుని బర్త్‌డే బాబుతో పంపు కొట్టిస్తా, బెలూను పెరగదు, నా పొట్ట పెరుగుద్ది (చొక్కా లోపల పెద్ద బెలూను, చంక కింద నుంచి సన్న ట్యూబు, తెనాలి సైకిలు షాపులో నూట ఇరవై రూపాయల సరుకు). అందులో కిటుకంతా ఒకటే, నేను కిందకి చూడకూడదు. పిల్లలు పొట్ట! పొట్ట! అని అరుస్తుంటారు, నేను బెలూను వంకే చూస్తూ ఏంట్రా గాలి రావట్లేదు అంటుంటా, మూడోసారి అరిచాక చూడాలి, రెండోసారికే చూస్తే నవ్వు సగమే వస్తది. ఇది తెలుసుకోడానికి నాకు రెండేళ్లు పట్టింది. చివర్లో బాబు నా ముక్కు నొక్కితే బుస్సున గాలి పోద్ది. మొహానికి ఎడమ కంటి కింద నీలం గాలిపటం వేసుకుంటా, తోక చెవి దాకా పోతుంది.

రెండేళ్ల కింద పక్క జిల్లా కుర్రాడొకడు నా ప్రోగ్రాం వీడియో తీసుకెళ్లి అదే ఐటమ్, అదే పాట, అదే గాలిపటం పెట్టుకుని రీల్స్ చేశాడు, కింద నా ఓన్ కాన్సెప్ట్ అని రాసుకున్నాడు. ఆ రీల్ బాగా వైరల్ అయింది. ఆ తర్వాత ఒక ఇంట్లో ఆరేళ్ల పాప నన్ను చూసి నువ్వు ఫోన్లో జోకర్ అంకుల్‌ని కాపీ కొట్టావు అంది. నా మొహం పెట్టుకుని నేనే దొంగనయ్యా. ఫోన్ చేసి అడిగితే ఆ కుర్రాడు, అన్నా నువ్వు మాత్రం ఎవర్నీ చూడకుండానే నేర్చుకున్నావా అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే పొట్ట ఉబ్బే ఐటమ్ మా పెద్దాయనది, ఆయన నీళ్లతో చేసేవాడు, నేను పంపు తగిలించా. ఆయన ఎవరి దగ్గర చూశాడో ఆయనా చెప్పలా. అందుకని ఐటమ్ వదిలేశా, చేసుకోమన్నా. గాలిపటం తుడిచెయ్యమన్నా, ఆ కాన్సెప్ట్ అన్న ముక్క తీసెయ్యమన్నా. ముక్క తీశాడు. గాలిపటం ఎరుపు రంగుకి మార్చాడు, అది కూడా ఒక మర్యాదే అనుకున్నా.

ఒక లాయరు గారి మనవడి బర్త్‌డేలో కేకు తింటూ దీని గురించి అడిగా. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో మార్పు చేసి ఆర్టిస్టులకి హక్కు ఇచ్చారట, ఆ లిస్టులో యాక్టర్, సింగర్, గారడీవాడు, జగ్లర్, పాములాడించేవాడు కూడా పేరుపేరునా ఉన్నారు, జోకర్ లేడు! మిగతావాళ్లూ అన్న మాటలో మీరూ వస్తార్లెండి అన్నాడాయన. కానీ ఆ హక్కు మనం ఆడింది మనల్ని అడక్కుండా రికార్డు చేస్తే ఆపడానికే, చూసి నేర్చుకుని తను సొంతంగా ఆడేవాణ్ణి ఆపదంట. అమెరికాలో టెల్లర్ అనే మెజీషియన్ మాత్రం తన ఐటమ్ కాపీ కొట్టినవాడి మీద కేసు వేసి గెలిచాడు, గులాబీ నీడని కత్తితో కోస్తే అసలు పువ్వు రేకులు రాలే ఐటమ్, 2014లో తీర్పు వచ్చింది, ఎందుకు గెలిచాడంటే 1983లోనే దాన్ని మూకాభినయం కింద రిజిస్టర్ చేయించి పెట్టుకున్నాడు. మేం సైకిలు ట్యూబు బిల్లే దాచుకోం, రిజిస్ట్రేషన్ ఎక్కడ.

ఇంక మీ పేపర్ దగ్గరికి వస్తా. ఆ అర పేజీలో పెద్ద ఫోటో ఎర్ర ముక్కు, పచ్చ విగ్గు జోకర్‌ది వేశారు. కింద "ప్రేక్షకులను అలరిస్తున్న జోకర్" అని ఉంది. అదే పేజీలో ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి పేరు, ఆయన పక్కన నిలబడిన ఇద్దరి పేర్లు, రిబ్బను పట్టుకున్నాయన పేరు కూడా ఉన్నాయి. ఫోటోలో మనిషికే పేరు లేదు. పేరు లేనోడి దగ్గర ఎవడు ఏం తీసుకున్నా ఎవరికి తెలుస్తుందండీ, రేపు ఇంకో ఊళ్లో ఇంకోడు అదే చేస్తే మీకు రెండూ ఒకటే అనిపిస్తాయి. సర్కస్ ఇంకా ఉన్నట్టుంది, మీ రిపోర్టర్‌ని మళ్లీ పంపండి, మేకప్ డేరా గేటు వెనకే ఉంటుంది, ఆ పచ్చ విగ్గు ఆయన్ని పేరు అడిగి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కూడా అడిగి, రెండు పేర్లూ వచ్చే ఆదివారం వెయ్యండి.

ఇట్లు
పంపు బాబాయ్, తెనాలి
(పిల్లలు పిలిచే పేరు ఇదేనండీ, ఇదే వెయ్యండి, ఆధార్‌లో పేరుతో నన్నెవరూ గుర్తుపట్టరు)